మాట మింగని తర్జుమా సార్

తర్జుమా సార్ పోయాడని చెప్పడానికి ఆస్పత్రి నుంచి డ్రైవరు వస్తే నేను ఇస్త్రీ పెట్టె కింద కూడా పెట్టలేదు. నవ్వాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పదేళ్లకు పైగా కనపడిన ప్రతివాణ్నీ ఆటపట్టిస్తూ బతుకుతున్నవాణ్ని. నా మీద కసి తీర్చుకోవాలని కాచుకున్నవాళ్లు వీధికి నలుగురుంటారు. వాళ్లలో ఎవడో ఈ డ్రైవరుకు పాఠం చెప్పి పంపి ఉంటాడనుకున్నాను.

"ఎవరు పంపారు నిన్ను?" అని ఉర్దూలో అడిగాను.

పెషావర్ మనిషి. ఆటలు ఆడే ముఖం కాదు. జేబులోంచి మా లాండ్రీ చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు తెల్ల చొక్కాలు, రెండు ప్యాంట్లు. నా చేతిరాతే, తెలుగులో. సార్ జేబులో దొరికిందట. శుక్రవారం కాబట్టి ఆయన పనిచేసే కచేరీకి తాళం. ఈ అక్షరాలు చదివేవాడికి ఆయన భాష వచ్చి ఉంటుందని పంపారట.

"మనిషి చచ్చిపోయాడు భాయ్. యల్లా, నడు."

బండెక్కాక కూడా వెనక్కి తిరిగి చూశాను, మూలన ఎవడైనా దాక్కుని నవ్వుతున్నాడేమోనని. వీధిలో ఎవరూ లేరు.

అంత పెద్దమనిషి గురించి వీడు రాయడమేంటని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. ఏడో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి, మళ్లీ ఆ గేటు ముఖం చూడలేదు నేను. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆయనది బోధన్ వైపు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, అక్కడి కోర్టులో కాగితాలకు నకళ్లు రాశాడు. షార్జా వచ్చాక ఒక పుస్తకాల దుకాణంలో పనిచేస్తూ అరబ్బీ నేర్చుకున్నాడు. తర్వాత సర్కారు వకీలు కచేరీలో తర్జుమా చేసే పని దొరికింది. ఆ కచేరీని ఇక్కడ నియాబా అంటారు. మనవాడెవడైనా పోలీసుల చేతికి చిక్కితే, సర్కారు వకీలు అరబ్బీలో అడిగింది తెలుగులో చెప్పాలి, వీడు తెలుగులో ఏడ్చింది అరబ్బీలో చెప్పాలి. అదీ పని. అందుకే తర్జుమా సార్ అనేవాళ్లం. పేరు నేను రాయను. బతికుండగా ఎవరైనా పేరు అడిగితే "ఎందుకు?" అనేవాడు.

ఆయన మా దుకాణంలో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. పోలీసుల మనిషని కొందరు, కంపెనీల చెవి అని కొందరు. క్యాంపుల్లో ఎవడు ఎవడిని తిట్టాడో రాసుకుని పోతాడని ఒక వంటవాడు ఒట్టేసి చెప్పాడు. నేనూ నమ్మాను. ఆయనకు మా మీదున్న అనుమానం ముందు మాది లెక్కలోకి రాదు. ఉతికిన చొక్కాను వెలుతురుకు ఎత్తి చూసేవాడు, తిరగేసి చూసేవాడు. చీటీ ఇస్తే వెనక్కి తిప్పేవాడు.

"ఎనక ఖాళీయే సార్," అన్నానొకసారి.

"ఖాళీ ఉన్నదని నువ్వంటున్నవ్. నేను సూడాలె గద."

చాయ్ తాగమంటే ముందు అడిగేవాడు: "నీ దుకాణంల పనిచేసేటోళ్లది ఎవరిదన్న కేసు ఉన్నదా?" లేదంటే ఓ గుక్క. ఉందంటే గ్లాసు ముట్టేవాడు కాదు.

ఇలాంటి మనిషి దొరికితే నా చేయి ఊరుకుంటుందా? ఒకసారి ఆయన చొక్కాకు కిందిభాగాన ఒక గుండీ ఎక్కువ కుట్టాను. తల గోక్కుంటాడు, ఓ వారం నవ్వుకోవచ్చు అనుకున్నాను. మూడో రోజే వచ్చాడు. గుండీని విప్పి కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు.

"ఇది నాది కాదు. అంటే ఇంకెవరిదో పోయింది. ఎవరిదో ఎతికి ఇయ్యి."

"ఒక్క గుండీ గద సార్."

"నీకు ఒక్క గుండీ. వానికి అంగీ."

నిజంగానే అది బస్సు డ్రైవరు ఒకతని చొక్కా నుంచి పీకింది. పొట్లం పట్టుకుని అతని గది వెతుక్కుంటూ ఎండలో రెండు కిలోమీటర్లు నడిచాను. నా ఆట నా మీదికే తిరగడం అదే మొదలు.

మరోసారి బట్టల కోసం కూర్చున్న మేస్త్రీ ఒకతను ధైర్యం చేసి అడిగాడు. "సార్, మీ సాబ్ ఎవరి దిక్కు వకీలు? మా దిక్కా, కంపెనీ దిక్కా?"

"ఎవరి దిక్కూ కాదు. దేశం దిక్కు."

"దేశమంటే ఎవరు సార్?"

"ఈడ కూసున్నోళ్లు. ఈడ లేనోళ్లు గూడ. నీ సైకిల్ ఎవడన్న ఎత్తుకపోతే అది నీ ఒక్కని లొల్లి కాదు. నువ్వు వకీలును పెట్టుకోకున్నా సర్కారు వకీలు మాట్లాడతడు. పోలీసులు తెచ్చిన కాయితం సూస్తడు, సాక్షుల పిలుస్తడు, కోర్టుకు పంపాల్నా వద్దా అని తేలుస్తడు. ఈయన మీద అబుధాబిల ఇంకో పెద్దాయన ఉంటడు. సర్కారు వకీళ్లందరికీ పెద్ద. వీళ్లు ఏది రాసినా ఆయన తరపున రాసినట్టే."

"అంటే మమ్ముల జైల్ల పెట్టేది ఆయననే అన్నట్టు," అన్నాను నేను.

"పెట్టుమని అడిగేది ఆయన. పెట్టేది జడ్జి. నేరం నిలవదని తెలిస్తే ఫైలు మూసేది గూడ ఆయననే. ఆ పనికే గుండె కావాలె. మూసినంక మీ అసొంటోళ్లందరు ఎవడు చెవుల ఊదిండోనని అనుమానపడ్తరు."

ఆయన వెళ్లాక మేస్త్రీ నా వైపు వంగి, "ఎవడు ఊదుతడంటవ్?" అన్నాడు. ఇద్దరం ఆయన వెళ్లిన దిక్కే చూశాం.

ఇక నా కేసు సంగతి.

మా లాండ్రీకి రోడ్డవతల ఒక కంపెనీ క్యాంపు ఉండేది. అందులో మా ఊరి మల్లేశం. పనిలో సున్నం పడి కుడి కన్ను మసకేసింది. చుక్కల మందు వేశారు, తగ్గలేదు. నల్లగుడ్డు మీద తెల్లపొర కమ్ముతోంది. హైదరాబాదు పోయి చూపించుకుంటానని మూడు నెలలుగా సెలవు అడుగుతున్నాడు. పాస్‌పోర్టులన్నీ క్యాంపు బాసు గదిలో ఇనప బీరువాలో ఉన్నాయి. ఆ బాసు భీమవరం వైపు మనిషి, మాట మెత్తన. "సూద్దామండి, వచ్చే నెల సూద్దాం. ఇంకో కన్నుందిగా, తొందరేముంది," అనేవాడట. మల్లేశం ఆ మాట నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. అలాంటప్పుడే నా బుర్ర చెడ్డగా పనిచేస్తుంది.

హ్యాంగరుకు వేలాడుతున్న తెల్ల చొక్కా ఒకటి తొడిగాను. ఎవరో మరిచిపోయిన టై కట్టాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పొడుగు పుస్తకం చంకలో పెట్టుకుని, మల్లేశం పనికి వెళ్లిన సమయం చూసి క్యాంపులోకి నడిచాను. బాసు ఎదురొచ్చాడు.

"నియాబా నుంచి," అన్నాను ఉర్దూలో. అంతే. ఇంకేం చెప్పలేదు.

గదికి ఎన్ని మంచాలని అడిగాను. వంటగదిలో పప్పు గిన్నె మూత ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాను. చివరికి బాసు గదిలో బీరువా ముందు నిలబడి, దాన్ని చూస్తూ పుస్తకంలో చాలాసేపు రాశాను. రాసింది మా ఇంటి బర్రెల పేర్లు. తర్వాత ఒక్క మాట మాట్లాడకుండా బయటికి వచ్చాను.

సాయంత్రానికి బాసు తనంతట తానే బీరువా తెరిచి ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతిలో పెట్టాడు. మల్లేశం సెలవు కాగితం మీద సంతకం కూడా చేశాడు. నాలుగో రోజు మల్లేశం విమానమెక్కాడు. వారం రోజులు పొట్ట పట్టుకుని నవ్వాను. ఎనిమిదో రోజు బాసు, ఎప్పుడూ కుర్రాడితో పంపే బట్టలు తనే పట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. గుడ్డలు బల్ల మీద పెట్టి నా ముఖంలోకి చూశాడు. మళ్లీ చూశాడు. గుడ్డలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. గంటలో పోలీసులొచ్చారు.

సర్కారు మనిషినని వేషం వేయడం ఇక్కడ చిన్న తప్పు కాదు. జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపేయడం. మళ్లీ వీసా ఉండదు. నియాబాకు తీసుకెళ్లారు. గదిలో సర్కారు వకీలు, కళ్లజోడు ముక్కు చివరికి దింపుకున్న నెమ్మది మనిషి. పక్క కుర్చీలో తర్జుమా సార్. నా ప్రాణం లేచి వచ్చింది. మనోడే. ఇక వకీలెందుకు? ఆయనకు కన్ను కొట్టాను. గోడను చూసినట్టు చూశాడు.

మా వాళ్లందరూ చేసే తప్పే నేనూ చేశాను. మన భాష వచ్చినవాడు మన వైపు వాడే అనుకున్నాను.

మొదటి ప్రశ్న కాగానే గొంతు తగ్గించి తెలుగులో అన్నాను: "సార్, సాబ్ మనసు ఇయ్యాల బాగున్నదా? సూసి చెప్పు, దాన్నిబట్టి జవాబు చెప్త."

ఆయన సర్కారు వకీలు వైపు తిరిగి అరబ్బీలో ఏదో అన్నాడు. వకీలు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి బదులిచ్చాడు.

"మనసు బాగనే ఉన్నదట," అన్నాడు సార్. "జవాబు మాత్రం ప్రశ్ననుబట్టి చెప్పమంటున్నరు."

నేను గాలి పీల్చినా అరబ్బీలో చెప్పేట్టున్నాడు.

తర్వాత బాసును లోపలికి పిలిచారు. నేను ముద్ర ఉన్న కార్డు చూపించానని, పాస్‌పోర్టులు ఇవ్వకపోతే జైలని బెదిరించానని చెప్పాడు. చెప్తూ చెప్తూ సార్ వైపు వంగి, "మనం మనం ఒక భాష వాళ్లమండీ. కాస్త చూసి చెప్పండి," అన్నాడు. అదీ అరబ్బీలోకి వెళ్లింది. చూసి చెప్పడమంటే ఏమిటని వకీలు అడిగాడు. బాసు ముఖం తుడుచుకున్నాడు. కార్డు రంగేమిటని అడిగితే ఆకుపచ్చ అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగితే తెలుపన్నాడు.

"ఇతను పాస్‌పోర్టులు ఇవ్వమని నోరు తెరిచి అడిగాడా?"

"అడగలేదండి. కానీ బీరువా వంక అలా చూశాడండి. ఆ చూపు అడిగినట్టే ఉందండి."

సార్ చూపు సంగతి కూడా అక్షరం పోకుండా చెప్పాడు. వకీలు రాసుకున్నాడు. నాకు ఆశ పుట్టింది. అప్పుడు వకీలు నా వైపు తిరిగాడు.

"ఆ రోజు ఏం బట్టలు వేసుకున్నావు?"

"తెల్ల అంగీ," అన్నాను.

"ఎవరిది?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. హ్యాంగరు మీద ఆ రోజు చేతికందిన చొక్కా తర్జుమా సార్‌ది. కావాలనే తీశాను. నియాబా వేషానికి నియాబా మనిషి చొక్కా, అదీ నా సరదా. ఇప్పుడా సరదా గొంతుకు అడ్డం పడింది. ఆయనదని చెబితే, ఆయనే చొక్కా ఇచ్చి నన్ను పంపాడని అనుకోరా? ఆయన కుర్చీ పోదా?

"సార్," అన్నాను నెమ్మదిగా. "అది నీ అంగీ. బజార్ల కొన్ననని చెప్పు. నీకూ మంచిది, నాకూ మంచిది. నీ కాళ్లు మొక్కుత."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. ఆ రోజు నన్ను మనిషిని చూసినట్టు చూసింది అప్పుడొక్కసారే. తర్వాత వకీలు వైపు తిరిగి, అదే గొంతుతో, హెచ్చూ తగ్గూ లేకుండా చెప్పాడు. కాళ్లు మొక్కుతానన్నది కూడా చెప్పాడని వకీలు నా చేతుల వైపు చూడటంతో తెలిసింది. చెప్పి, కలం బల్ల మీద పెట్టి, కుర్చీలోంచి లేచి, బల్ల ఇవతలికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇంకో నాలుగు మాటలు అరబ్బీలో అన్నాడు. వకీలు మెల్లగా తల ఊపాడు.

"ఏమన్నవ్ సార్?" అన్నాను.

"ఇగ నేను తర్జుమా చెయ్యొద్దన్న. ఈ కేసుల నేను గూడ సాక్షినైన. నన్ను గూడ అడగాలె."

ఆ తర్వాత ఉర్దూ వచ్చిన వేరే మనిషిని పిలిచి మిగతాది నడిపించారు. నన్ను పదకొండు రోజులు లోపల ఉంచారు. ఆ పదకొండు రోజులూ నేను బాసును తిట్టలేదు, సార్‌నే తిట్టాను. తన ఒళ్లు కాపాడుకోవడానికే నిజం చెప్పాడని నా లెక్క. ముందే చెప్పేస్తే ఆయన మీద మరక ఉండదు కదా.

పన్నెండో రోజు పిలిచారు. ఫిర్యాదు నిలవలేదన్నాడు సర్కారు వకీలు. కార్డు లేదు, బెదిరింపు లేదు, నేను ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేదు. ఒక్క అబద్ధం మాత్రం ఉంది, దానికి మళ్లీ చేయనని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఫైలు మూస్తూ, నేను వాంగ్మూలంలో చెప్పిన మల్లేశం సంగతి ఎత్తి, "ఆ మనిషి కన్ను ఏమైంది?" అని అడిగాడు. ఆపరేషను అయిందని, వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నాడని జాబు వచ్చినట్టు, నన్ను చూడటానికి వచ్చిన మా లాండ్రీ ఓనరు చెప్పాడు, అదే చెప్పాను. ఆయన దాన్ని కూడా రాసుకున్నాడు.

సార్‌కు మాత్రం అంత తొందరగా తెమల్లేదు. చొక్కా ఆయనే ఇచ్చాడా అన్నది తేలేదాకా కుర్చీ నుంచి తీసి పాత ఫైళ్ల గదిలో వేశారు. ఏడాది పట్టింది. మా వాళ్లు సంతోషించారు. "మనోళ్లను ముంచితే గిట్లనే అయితది," అన్నాడు వంటవాడు. నేను విడుదలైన వారానికి సార్ బట్టల మూట పట్టుకుని మామూలుగానే దుకాణానికి వచ్చాడు. చొక్కాలు వెలుతురుకు ఎత్తి చూడసాగాడు.

"నన్ను ముంచినవ్ గద సార్. నువ్వు గూడ మునిగినవ్. బజార్ల కొన్నడంటే ఏం పోతుండె?"

"నీ కోసం ఆ ఒక్క మాట మింగితే, కంపెనీ కోసం ఇంకెన్ని మింగిండోనని రేపు నువ్వే అంటవ్. అనవా?"

అంటాను. అది ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

"ఆ బాసు 'సూసి చెప్పుమన్నది' చెప్తేనే గద సాబ్‌కు వాని మీద అనుమానమొచ్చింది," అన్నాడు చొక్కా మడుస్తూ. "వానిది చెప్పి నీది దాస్తే, సాబ్ నా మాట ఎట్ల నమ్మాలె? నా మాట నమ్మకపోతే ఆయన ముంగట నీ ఫైలు మూసేటందుకు ఏమున్నది?"

నేను ఇస్త్రీ పెట్టె అందుకున్నాను.

"సరే గాని," అన్నాడు వెళ్లబోతూ, "నా అంగీ ఎన్నిసార్లు తొడిగినవ్?"

"ఒక్కసారే సార్."

"కాలర్ల నీ కొబ్బరినూనె రెండు సార్లది."

రెండోసారి ఫొటో స్టూడియోకు వేసుకుపోయానని ఒప్పుకున్నాను. ఆ ఫొటో మా ఇంటికి పంపానని కూడా చెప్పాను.

"నాకొకటియ్యి. సగం ఫొటో నాది గద."

మళ్లీ కుర్చీలోకి వెళ్లిన తర్వాత కూడా ఆయన మా దుకాణం మార్చలేదు. ఎందుకు మార్చలేదని ఒకసారి అడిగాను. "నువ్వు దొంగవని ఎరుక. ఎరుకలేనోని దగ్గరికి పోవుడెందుకు?" అన్నాడు. నేను మాత్రం ఆయన్ని అనుమానించడం పూర్తిగా మానలేదు. ఇంతటి మనిషి వెనక ఏదో ఒక లాభం లేకుండా ఉంటుందా అని వెతుకుతూనే ఉన్నాను. ఏళ్లు వెతికాను. పాడు అలవాటు, పోలేదు.

ఆ శుక్రవారం పొద్దున ఆస్పత్రిలో గుమస్తా, లాహోరు మనిషి, నన్ను కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు. బస్టాండు దగ్గర ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. టాక్సీవాడు తెచ్చాడట. రెండు గంటలు బతికే ఉన్నాడట. సార్ జేబు పుస్తకంలో బోధన్‌లో ఇంటి పక్క మందుల దుకాణం నంబరు దొరికిందట, కాల్ బుక్ చేశారట. ఆయన భార్యకు తెలుగు తప్ప రాదు. శవాన్ని ఊరికి పంపాలా, ఇక్కడే కాల్చాలా, ఆమె ఏమంటే అది రాసుకోవాలి. నన్ను మధ్యలో ఉండమన్నాడు.

లైను కలిసింది. దుకాణంవాడు ఆమెను పిలిచి రిసీవరు ఇచ్చాడు. నేనెవరో చెప్పాను. గుమస్తా ఉర్దూలో ఒక్కో మాట అన్నాడు. నేను ఒక్కో మాట తెలుగులో చెప్పాను. అటువైపు ఏడుపు వినపడలేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆకరికి నోట్ల నీళ్లు పోసిండ్రా బిడ్డా?"

గుమస్తాను అడిగాను. అతను కాగితం చూసి చెప్పాడు. "రెండుసార్లు అడిగాడు. డాక్టరు వద్దన్నాడు. ఇవ్వలేదు."

'పోసిండ్రమ్మా' అనేస్తే చాలు. రెండు సెకన్ల మాట. ఆ మాటతో ఆమె మిగతా బతుకంతా కాస్త తేలికవుతుంది. ఎదుట కూర్చున్నవాడికి తెలుగు రాదు. ఏం చెప్పానో ఈ లోకంలో ఎవడికీ తెలియదు. అబద్ధం చెప్పడంలో నాకంటే చేయి తిరిగినవాడు షార్జాలో లేడు. నాలుక దాకా వచ్చింది.

"రెండుసార్లు అడిగిండంటమ్మా," అన్నాను. "డాక్టరు వద్దన్నడంట. పోయలేదంట."

లైనులో గరగర. దూరంగా ఎవరో సైకిలు గంట కొడుతున్నారు. చేసింది మంచో చెడ్డో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. గుమస్తా కాగితం సర్దుకుని, కలం ఎత్తి పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడు.

"ఇంకా ఏమీ అనలేదు," అన్నాను.

అతను కలం దించలేదు.